అలసందలు వెయ్యకండి

జూన్ 11

ఈ ఏడు ప్రొఫెసర్ కాకపోతే ఇంక కాను. ఇంటర్వ్యూ నవంబరులో. డీన్ గారు ఇవాళ కారిడార్‌లో ఆపి మరీ చెప్పారు, ఊళ్ళు తిరగడం, రైతులతో ఫోటోలు దిగడం చాలు, ఒక్క గట్టి రిజల్ట్ పట్టుకు రమ్మని. నా తర్వాత చేరినవాళ్ళంతా ప్రొఫెసర్లయిపోయి ఇప్పుడు నా లీవు లెటర్ల మీద సంతకాలు పెడుతున్నారు. ఒళ్ళు మండిపోతోంది.

రిజల్ట్ ఎందుకు రాదు? సర్వీసంతా చిన్న రైతుల మీదే ధారపోశాను. పైగా ఈసారి డిజైన్ అద్దంలా ఉంది. రెండూళ్ళు ఎంచుకున్నాను. పై ఊళ్ళో ట్రైనింగ్ ఇస్తాను. మొక్కజొన్న సాళ్ళ మధ్య అలసందలు వేసుకోమంటాను. నేలకి బలం, రైతుకి ఇంకో పంట. కింది ఊళ్ళో మాత్రం ఏమీ చెప్పను. అది కంట్రోల్. కోతలయ్యాక రెండూళ్ళ దిగుబడులూ పోల్చి చూస్తాం. తేడా ఎంత పెద్దదైతే నా కుర్చీ అంత దగ్గర.

జూన్ 19

ట్రైనింగ్ అయింది. హాలు నిండిపోయింది. స్లైడ్లు బాగా వచ్చాయి. వెనక వరుసలో ఎవరో గురక కూడా పెట్టారు.

చివర్లో సందేహాలుంటే అడగమన్నాను. ఒకాయన లేచాడు. నా ప్రాణం లేచొచ్చింది. టీ ఇంకోసారి ఇస్తారా అని అడిగాడు.

జూలై 2

పై ఊళ్ళో సగం మంది వేశారు. మిగతా సగం వేస్తామంటున్నారు. వేస్తామనేవాళ్ళ మొహాలు నాకు తెలుసు. ఆ మొహాల మధ్యే ముసలిదాన్నవుతున్నాను.

జూలై 8, మధ్యాహ్నం

కొంప మునిగింది.

వంతెన రిపేరని డ్రైవరు కింది ఊరి మీదుగా తిప్పాడు. కిటికీలోంచి చూద్దును కదా, మొక్కజొన్న సాళ్ళ మధ్య అలసందలు! నా కంట్రోల్ ఊళ్ళో! కారాపి చేలోకి పరిగెత్తాను. చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది.

చేను గలాయనకి ఇంతింత మీసాలు. నన్ను చూసి ఎంతో సంబరపడ్డాడు. వాళ్ళ బావమరిది పై ఊళ్ళో ఉంటాడట, నా ట్రైనింగుకి వచ్చాడట, వచ్చి ఇక్కడ చెప్పాడట. ఆ బావమరిది మాత్రం ఇంకా వెయ్యలేదట.

రెండూళ్ళ మట్టి పరీక్ష చేయించాను. వానలు చూశాను, బజారెంత దూరమో చూశాను. ఎవరికి ఎవరు వియ్యంకులో మాత్రం అడగలేదు. అక్కడా ఇక్కడా సగం ఊరు చుట్టాలేనట. ఇంత చదువూ చదివి ఇదా నేను చేసింది?

అదే రోజు, సాయంత్రం

మా ఆయనకి చెప్పాను. పళ్ళ డాక్టరు కదా, నోరు తెరిస్తే ఆయనకి అవే గుర్తొస్తాయి. పక్కింటివాళ్ళు కూడా పళ్ళు తోముకుంటున్నారని ఏ డాక్టరైనా ఏడుస్తాడా అన్నారు. నాకు నవ్వు రాలేదు. వచ్చింది గానీ నవ్వలేదు.

జూలై 9

స్టాటిస్టిక్స్ ఆవిడ దగ్గరికెళ్ళాను. నలుగురైదుగురైతే పరవాలేదుట, పాకితే మాత్రం స్టడీ అయిపోయినట్టేనట. దీన్ని కంటామినేషన్ అంటారని గుర్తుచేసింది. బంగారంలాంటి అలసందల్ని! ఎలాగైనా ఆపమంది.

జూలై 12

ఆపడానికి వెళ్ళాను.

జోరున వాన. బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, ఈ ఒక్క సీజనుకీ అలసందలు వెయ్యకండి అని చెప్పాను. ఎందుకో చెప్పడానికి ప్రోటోకాల్ ఒప్పుకోదు. వాళ్ళు ఊరుకుంటారా? పురుగు పడుతుందా అన్నారు. పడదన్నాను. మొక్కజొన్న దెబ్బతింటుందా అన్నారు. అబద్ధం ఆడలేక లేదన్నాను. పశువులకి పడదా అని ఒకావిడ అడిగింది. అలసంద తీగ పశువులకి ఎంత బలమో నా పిహెచ్‌డీలో ఒక చాప్టరుంది. నోరు జారి అదీ చెప్పేశాను.

మరి ఎందుకు వద్దంటున్నారని మీసాలాయన అడిగాడు. నా కోసం అనుకోండి అన్నాను. దణ్ణం కూడా పెట్టాను. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అలాగే మేడం అన్నారు. కారు దాకా గొడుగు పట్టారు. ఎంత మంచివాళ్ళో! ఇవాళ కడుపు నిండా అన్నం తిన్నాను.

జూలై 15

కింది ఊరి దుకాణంలో అలసంద విత్తనాలు అయిపోయాయట.

ఆగస్టు 3

ఊరు ఊరంతా వేసింది. ఒక్క చేనూ ఖాళీ లేదు. బడి వెనక జాగాలో కూడా వేశారు.

మీసాలాయన మొహం చాటేయలేదు సరికదా, చెయ్యి పట్టుకున్నంత పని చేసి అన్ని చేలూ తిప్పి చూపించాడు. నేను అడిగేశాను, మాటిచ్చి ఇలా చేస్తారా అని. ఆయన దాచుకోకుండా చెప్పాడు. వచ్చిన ఆఫీసరల్లా ఇది వెయ్యండి అది వెయ్యండి అంటాడట. ఎవరి అవసరం కోసం చెబుతున్నాడో తెలియదట. అంత చదువుకున్న మనిషి వానలో తడుస్తూ వచ్చి, నష్టమేమీ లేదని ఒప్పుకుంటూనే వద్దని దణ్ణం పెట్టిందంటే ఇందులో ఎంత లాభముందో అని ఆ సాయంత్రమే ఊరంతా కూర్చుని తేల్చుకున్నారట.

తిడదామని నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా నేను స్లైడ్లలో చూపిస్తున్న చేను, నిజంగా, కళ్ళెదురుగా ఉంది. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పంటని చూసో ప్రమోషన్ పోయిందనో నాకే తెలియదు. పాపం ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అక్టోబరు 20

డేటా వచ్చింది. కింది ఊరు గెలిచింది. మామూలుగా కాదు, చిత్తుగా గెలిచింది. పై ఊళ్ళో వేస్తామన్నవాళ్ళు ఇంకా వేస్తామనే అంటున్నారు.

అంటే లెక్క ప్రకారం నా ట్రైనింగ్ తీసుకుంటే దిగుబడి తగ్గుతుంది. స్టాటిస్టిక్స్ ఆవిడ రెండోసారి రన్ చేసి చూసి టేబుల్ మీద తల వాల్చి నవ్వింది. తేడా సిగ్నిఫికెంట్ కూడానట, గాలివాటంగా వచ్చింది కాదట, కంగ్రాట్స్ అంది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఊళ్ళ పేర్లు అటూ ఇటూ మార్చెయ్యరాదా అన్నారు. వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం చెయ్యి ఎండిపోయేదాకా ఆలోచించాను. ఎక్సెల్‌లో ఒక్క కాలమ్. ఒక్కటంటే ఒక్కటి. నవంబరులో ప్రొఫెసర్ని.

ఛీ. మీసాలాయన మొహం గుర్తొచ్చింది. లేచి చెయ్యి కడుక్కున్నాను.

నవంబరు 14

ఇంటర్వ్యూ. మీరు వెళ్ళని ఊళ్ళే బాగుపడతాయన్నమాట అన్నారు చైర్మన్ గారు. లేదండీ, అక్కడికీ వెళ్ళాను అన్నాను. ఇంక దాచడమెందుకని వానతో సహా మొత్తం చెప్పేశాను. ప్యానెలంతా పగలబడి నవ్వారు. ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

అంతగా నవ్వారంటే ఇచ్చేస్తారనే అనిపిస్తోంది.

నవంబరు 16

ఇవ్వలేదు.

శాటిలైట్ బొమ్మలు చూసి పేపర్లు రాసే ఆయనకి ఇచ్చారు. ఆయన చేలో కాలు పెట్టగా చూసినవాళ్ళు లేరు. నాది చాలా ఇంటరెస్టింగ్ అని డీన్ గారు భుజం తట్టారు. ఇంటరెస్టింగ్ అంటే ఏమిటో నాకు తెలుసు. బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని క్లాసుకెళ్ళాను. ఇవాళ్టి పాఠం, కంట్రోల్ ఊరిని ఎంచుకోవడం ఎలా.

నవంబరు 23

కొండ అవతలి ఊరి నుంచి రైతులు వచ్చి నా రూము బయట బెంచీ మీద కూర్చున్నారు. కింది ఊరి పంట చూసొచ్చారట. వచ్చే సీజనుకి మా ఊరూ రావాలి అన్నారు. ఆనందం పట్టలేక ట్రైనింగ్ పెడతానన్నాను, స్లైడ్లు రెడీగా ఉన్నాయన్నాను.

కంగారుపడి, ట్రైనింగ్ వద్దన్నారు. వచ్చి, వెయ్యొద్దని చెబితే చాలట.

వీలైతే దణ్ణం కూడా పెట్టాలట.