పందిపిల్లలకు ఎక్కువేసిన పొడి

మంగళవారం

పందిపిల్లల కాళ్ల మీద చర్మం పగిలి చెక్కులు కడితే, గజ్జి అనుకుని పది రోజులు వేపనూనె పూశాను. ఇవాళ ములుగు నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చి ముందు మేత తొట్టినే చూసింది.

"తవుడుల ఏం కలుపుతానవన్నా?"

"కాల్షియం పొడి మేడం. బొక్కలు గట్టిపడాలని జర ఎక్కువనే ఏత్తాన."

"గదే తప్పు. అది ఎక్కువైతే మేతల ఉన్న జింకు ఒంటికి పట్టదు. ఇది గజ్జి కాదు."

"కూరల ఉప్పెక్కువైతే నన్ను తిడతడు, వీటికేమో డబ్బాలు బోర్లిస్తడు" అంది మా ఆవిడ. నేనూ నవ్వాననుకుంటా.

పొడి తగ్గించి జింకు కలిపితే చాలావరకు తేరుకుంటాయట. వాటిలో మేత మానేసిన ఒక బక్కపిల్ల గురించి మాత్రం ఏమీ చెప్పలేనంది డాక్టరమ్మ.

బక్కగా ఉందనే దాన్ని విడిగా ఉంచి, రోజూ ఇంకో గుప్పెడు పొడి వేశాను. ఆ మాట ఇద్దరికీ చెప్పలేదు.