అందరూ పట్టని గది

2009 జూలై 6, సోమవారం

ఇవాళ మా నెట్ సెంటర్ మళ్లీ హ్యాంగ్. ఉన్నది ఒక్క సర్వర్, ఆరు టెర్మినళ్లు. ఒక్క మెమరీనే అందరూ పంచుకోవాలి. మూల సీట్లో సామ్రాజ్యం టీచర్ గారు పాటల ఫైళ్లు తెరిచారు, ఇంకేం, రిజల్ట్స్ చూసుకునే పిల్లల స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. ఆవిణ్ణి రావద్దని చెప్పెయ్ షాహీనా, రేపల్లెలో నెట్ సెంటర్లే లేవా అని వాసిం భాయ్ గొడవ. అన్నయ్య మాటా నిజమే. పాసింజర్‌లో తెనాలి దాకా ఎందుకొస్తారో.

జూలై 7

ఆవిడనే అడిగాను. ఆదివారం వాళ్లాయన కృపారావు మాస్టారి జ్ఞాపకార్థ కూడిక. చర్చి క్వయిర్ ఆయనే నడిపేవారట. అప్పటి క్యాసెట్లు నాలుగు: సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్, ఒక్కో రకం గొంతుకి ఒక్కోటి. బాపట్లలో ఎవరో సీడీకి ఎక్కించి ఇచ్చారు. నాలుగూ కలిపి ఆదివారం వినిపించాలి. విడివిడిగా ఎందుకు పాడారండీ అంటే, గది చిన్నదమ్మా, అందరం పట్టలేదు, ఒక్కో గొంతువాళ్లం ఒక్కో రోజు పాడాం అన్నారు. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరట. ఇక ఏ నోటితో వద్దంటాను?

జూలై 8

సర్వర్‌లో కొత్త లినక్స్ కెర్నల్ వేశానుగా, అందులో ఆవిడ ప్రోగ్రామ్‌లకి వేరే గ్రూపు కట్టి, ఇంతకు మించి వాడకుండా మెమరీకి హద్దు పెట్టాను. మహా తెలివనుకున్నా. మెమరీ నిండగానే మిగిలిందంతా స్వాప్‌లోకి, అంటే హార్డ్ డిస్క్ మీదికి పోయింది. డిస్క్ ఒకటే గరగర, మళ్లీ అందరికీ స్లో. ఇంట్లో చోటు లేకపోతే సామాను అటకెక్కిస్తాం కదండీ, ఇదీ అంతే అని చెప్పాను. అయితే మీ సర్వర్ మాటిమాటికీ నిచ్చెనెక్కి దిగుతోందన్నమాట అని నవ్వారు.

అటక అంటే గుర్తొచ్చింది. ఈ సెంటర్ నాన్న రోజుల్లో రికార్డింగ్ షాపు. అటక నిండా క్యాసెట్లే. నాన్న పోయాక భాయ్ అన్నీ దింపి పాతసామాన్లవాడికి వేసేశాడు. మాలో ఒక్కరికీ తట్టలేదు, ఒక్కటైనా ఉంచుకుందామని. నాన్న ఫొటోలు బోలెడు. గొంతు మాత్రం లేదు.

జూలై 9

మెమరీకీ స్వాప్‌కీ కలిపి హద్దు పెట్టాను. మిగతా ఐదుగురూ హాయిగా ఉన్నారు. టీచర్ గారు మూడో ఫైల్ తెరవగానే ప్రోగ్రామ్ పోయింది. హద్దు దాటితే సిస్టమ్ చంపేస్తుంది, మాటామంతీ ఉండదు. మళ్లీ తెరిచారు, మళ్లీ అంతే. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, నీ పని నువ్వు చేశావులేమ్మా అన్నారు. మనసు చివుక్కుమంది.

సాయంత్రం 6

రేపు జుమ్మా కదా! నమాజు వేళ షట్టర్ సగం దించుతాం, సెంటర్లో నేను తప్ప ఎవరూ ఉండరు. టీచర్ గారికి ఫోన్ చేశాను.

జూలై 10, శుక్రవారం

భాయ్ మసీదుకి వెళ్లగానే హద్దు తీసేశాను. సర్వర్ మొత్తం ఆవిడదే. నాలుగు ఫైళ్లూ తెరుచుకున్నాయి. హెడ్‌ఫోన్స్ వద్దు, స్పీకర్‌లో పెట్టు అన్నారు.

పాటకి ముందు ఒక మగ గొంతు. ఊఁ, కానివ్వండి మాస్టారూ అని. నాలుగు ట్రాకుల్లోంచీ, కొంచెం ముందూ వెనకగా, నాలుగుసార్లు.

మా నాన్న.

పాట నాకు సరిగ్గా వినపడనే లేదు. టీచర్ గారు నా చెయ్యి పట్టుకుని, పాడింది ఈ గదిలోనేనమ్మా, మీ నాన్న మొహిద్దీన్ గారు మా అందరికీ టీ తెప్పించేవారు, అందుకే ఇక్కడికే తెచ్చుకున్నాను అన్నారు. ఆయన గొంతు మీ దగ్గర ఉండే ఉంటుందనుకుని ఈ సంగతి ముందు చెప్పలేదట. మా దగ్గర లేదండి అన్నాను. అనేసి ఏడ్చాను, సిగ్గు కూడా వెయ్యలేదు.

నాలుగూ కలిపి సీడీకి ఎక్కిస్తుండగా భాయ్ వచ్చాడు. హద్దు ఎందుకు తీశావని మొదలుపెట్టబోయాడు. మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఆ నాలుగు మాటలూ విన్నాడు. వెళ్లి షట్టర్ పూర్తిగా దించేసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

జూలై 17, శుక్రవారం

షట్టర్ సగం. హద్దు తీసి, టీచర్ గారు ఉంచుకోమన్న నాలుగు ఫైళ్లూ తెరిచాను. ఊఁ, కానివ్వండి.