నాలుగు సెకన్లలో చెప్పింది

బావమరిదికి మీ బావ దీవెనలు.

పట్టలేని ఆనందంతో రాస్తున్నాను. ఈసీజీని, అదే గుండె గీతల కాగితాన్ని, చూడగానే చదవడం నర్సులకు మన అమ్మాయే నేర్పుతోంది కదా, ఈ రోజు పరీక్ష చూద్దామని వెనక బల్ల మీద కూర్చున్నాను. మీ అక్క కాగితం పట్టుకుని పది నిమిషాలు తికమకపడ్డ ఆ నర్సూ వచ్చింది. పాసైతేనే మళ్ళీ వార్డులోకి రానిస్తారట. మనమ్మాయి, మీ అక్క పేరున్న ముక్క చింపేసి, ఆ కాగితమే ఆమె చేతిలో పెట్టింది.

నాలుగు సెకన్లు బావమరిదీ! “గుండె కొట్టుకోవట్లేదు, వణుకుతోంది మేడం. వెంటనే షాక్ ఇవ్వాలి.”

“ఇస్తే బతుకుతుందా?”

“బతుకుతుంది మేడం.”

“మా అమ్మ,” అని చెప్పి, మనమ్మాయి ఫెయిల్ వేసింది.

“సరిగ్గానే చెప్పాను కదా మేడం,” అంటూ ఆ పిల్ల కూలబడి ఏడ్చింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. మీ అక్క పోయిన ఎనిమిది నెలలకు ఈ పూట కడుపునిండా తిన్నాను.

మీ బావ