మిగిలిన ఆరు కుంచెలు

హలాల్ ధ్రువీకరణ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా ఎదురు బేకరీ వారిని కూడా హలాల్ పత్రానికి దరఖాస్తు చేసుకొనునట్లు గట్టిగా ప్రోత్సహించుట గురించి.

1. చిన్న వ్యాపారులంతా పత్రం పొందాలని తమరు మార్కెట్ హాలులో ప్రసంగించగా, చప్పట్లతో సరిపెట్టక మర్నాడే దరఖాస్తు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. పందొమ్మిదేళ్లుగా మా వీధిలో నోటిమాటే పత్రం. కొరివితో తల గోక్కున్నాను.

2. తమ ఇన్‌స్పెక్టరు గారు పిండి, ఎసెన్సు, వెన్న అన్నీ బాగున్నాయన్నారు. చివరకు బన్నులకు వెన్న రాసే కుంచె నుంచి ఒక వెంట్రుక లాగి, కాల్చి, వాసన చూశారు. ప్లాస్టిక్ వాసన కాదు, జుట్టు కాలిన కంపు. అది పంది వెంట్రుక అని కుంచెల పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. కుంచెలు పారేసి, పళ్లేలన్నీ కడిగించి, మూడు వారాలు దుకాణం మూసి మరీ పత్రం సంపాదించాను.

3. ఎదురు బేకరీ మా తోడల్లుడిది. లోపల ఏం దొరికిందో ఆయనకు తెలియదు. అయినా నా దుకాణం ఎందుకు మూశారని అడిగినవారికీ అడగనివారికీ, "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ, పాపం మావాడు" అని జాలిపడుతూ చెప్పాడు. ఆ జాలికే నాకు ఒళ్లు మండింది. నా దగ్గరకు రోజూ వచ్చేవారంతా ఇప్పుడు ఆయన గుమ్మంలో నిలబడుతున్నారు. పత్రం మాత్రం నా గోడకుంది.

4. ఆ కుంచెలు డజను, రెండేళ్ల కిందట మేమిద్దరం కలిసి కొన్నాం. ఆరు నావి, ఆరు ఆయనవి. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే మార్చేస్తాడు. నెల రోజులుగా పళ్లబిగువున ఊరుకున్నాను.

కావున అదే ఇన్‌స్పెక్టరు గారిని, జనం కిటకిటలాడే సాయంత్రం వేళ, అగ్గిపెట్టెతో సహా పంపవలెను. వెంట్రుకను వీధిలోనే కాల్చవలెను. అప్పుడు ఆయన ముఖం చూడాలి. అంతకు మించి కోరను.

నా కడుపుమంటను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పత్రం ఉన్న బేకరీవాడు

తా.క.: కవరు అంటించబోతుండగా మా ఆవిడ ఇది చదివింది. ఆ ఆరు కుంచెల గురించి వాళ్ల అక్కావాళ్లకు నేను ఎప్పుడో చెప్పాననే అనుకుందట. "రెండేళ్లు తెలియక పెట్టాం, సరే. ఈ నెల రోజులూ అక్కడ తిన్నవాళ్లంతా మన దగ్గర తిన్నవాళ్లేగా. తెలిసీ తిననిచ్చారా?" అంది. చెప్పులు వేసుకుని రోడ్డు దాటింది. ఈపాటికి ఆ ఆరూ చెత్తబుట్టలో ఉంటాయి. సిగ్గుగానే ఉంది. అయినా ఇన్‌స్పెక్టరు గారిని పంపండి.