దయగల గడ్డ

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,
అర్ధవీడు కాపురస్తుడు, గొర్రెల కాపరి కాశయ్య చెప్పి వ్రాయించుకొన్న అర్జీ. తేది 9-8-1967.

అయ్యా,

విషయం: నా వెన్నులోని గడ్డ దయగలదని తమ కచేరీవారు తీర్మానించి, పట్నం ఆసుపత్రికి పంప నిరాకరించుట గురించి.

1. నాకు నలభై రెండేండ్లు. ఉగాది మొదలు కాళ్లు తిమ్మిరెక్కి తడబడుచున్నవి. తాగి తూలుచున్నానని ఊరంతా అన్నది. నేను కల్లు ముట్టను. ఇది వైద్యమునకు సంబంధించనిదైనను రికార్డు చేయించ ప్రార్థన.

2. తాలూకా ఆసుపత్రి డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, వెన్నుపూస మీద ఎముక గడ్డగా మొలిచి లోపలి నరాల తాడును నొక్కుచున్నదని కనుగొన్నారు. "కేన్సరు కాదు కాశయ్యా, ప్రాణం తీయదు. వెన్నులో ఇట్ల మొలిచేది చానా అరుదు. ఆపరేషన్ ఆలస్యమైతే మాత్రం కాళ్లు పోతాయి" అన్నారు. తమకు పంపిన కాగితంలో దానిని ఇంగ్లీషున "బినైన్" అని వ్రాసినారు.

3. తమ గుమాస్తాగారు తెలుగున జవాబివ్వవలెనను ఉత్సాహముతో నిఘంటువు తెరిచి, మొదట కనబడిన అర్థము వేసినారు. "గడ్డ దయగలదని డాక్టరు ధ్రువపరచినందున తొందర లేదు. ఆరు నెలల తరువాత మరల అర్జీ పెట్టుకొనవచ్చును." ఆ ఇంగ్లీషు మాటకు వైద్యంలో ప్రాణం తీయనిదని మాత్రమే అర్థమని, ఈ అర్జీ వ్రాయుచున్న పంతులు ప్రకాశరావుగారు చెప్పినారు. నా భార్య పుల్లమ్మ అయితే, "దయగల గడ్డంట! అంత దయుంటే నిన్ను దొడ్డికి గూడ నేనెందుకు మోసకపోవాల?" అన్నది. ఆడమనిషి నోటిదురుసుకు క్షమించవలెను. మాట మాత్రం నిజము.

4. నేను ఒకచోట కుదురుగా కూర్చున్నవాడను కాను. మంద కొండ దిక్కు కదలగానే లేవబోయి పడుచున్నాను. మంచంలో నుండి అదిలించితే గొర్రెలు వినుటలేదు. మొన్న ఎడమకాలు, నేడు కుడికాలు. భయముగా ఉన్నదయ్యా.

కావున ఆ గడ్డ దయలేనిదని దిద్దించి, నన్ను వెంటనే పట్నం పంపుటకు ఉత్తరువు ఇప్పించ ప్రార్థన. దయ తమకుండిన చాలును, గడ్డకు అక్కరలేదు. నిలబడలేక వ్రాయించిన అర్జీగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాశయ్య వేలిముద్ర

తా.క. ఇది ఆయన రాయమన్నది కాదు, ప్రకాశరావు అనే నేను రాస్తున్నాను. వేలిముద్ర వేస్తుండగా ఆయన చుట్ట నిప్పు రాలి పాదం మీద పడింది. పక్కనే ఉన్న నాకు కాలిన వాసన వచ్చి గబగబా దులిపాను. చర్మం బొబ్బెక్కింది. నేను దులపడం చూసి, "ఏంది పంతులయ్యా, చీమా?" అని అడిగినాడు.