ఆళ్లగడ్డ రిసెప్షన్‌లో బరోక్ వయొలిన్

నంద్యాల, ఆదివారం రాత్రి

మూడు వందల ఏళ్ల కిందటి బరోక్ కాలపు యూరప్ సంగీత మహానుభావా, ఆళ్లగడ్డ పెళ్లివారందరి తరఫున నీకు నా సాష్టాంగ క్షమాపణలు. ఒక్కసారైనా జనం ముందు వాయించాలని మా ట్రూపు బాషా ఏడాదిగా సాధన చేసిన నీ వయొలిన్ కాన్సర్టో ఈ సాయంత్రం రిసెప్షన్‌లో మోగింది. సోలో వయొలిన్ వాడిది, మిగతా ఆర్కెస్ట్రా మొత్తం నా కీబోర్డు. కమాను కంటికి ఆననంత వేగంగా ఆడుతుంటే పెళ్లికొడుకు మామ అరిచాడు: "ఏందప్పా, ఇంకా శ్రుతే చేస్తాండావా? పాటెప్పుడు?"

అందరూ నవ్వారు. అంతలో కీబోర్డులోంచి డ్యాన్సు బీటు దద్దరిల్లింది. జనం లేచి ఎగిరారు. బాషా వయొలిన్ పెట్టెలో పెట్టేశాడు.

తిరుగు బస్సులో వాడే నన్ను ఓదార్చాడు: "పాత కీబోర్డు, దానంతటదే మారింటాది. నువ్వేం చేస్తావు లేప్పా."

కీబోర్డుకు ఏ రోగమూ లేదు. ఆ నవ్వు నా మీదికీ వస్తుందని భయపడి ఆ డ్యాన్సు బీటు బటన్ నొక్కింది నేనే.