ఇంట్లో ఉన్నట్టే లెక్క

జనవరి 14

మా అబ్బాయి కోల్బీ మెసేజ్ పెట్టాడు. క్రిస్మస్ తర్వాత ఇదే మొదటిది. ఎలా ఉన్నావన్న మాట లేదు. ఈసారి నీ ట్యాక్స్ రిటర్న్‌లో నీ మీద ఆధారపడ్డవాడిగా నన్ను వేసుకోకు, నా లెక్క నేనే వేసుకుంటా అని. అంతే.

వాడికి ఇరవై ఏళ్లు. డులూత్‌లో కాలేజీ. పుట్టిన ఏడాది నుంచీ వాడి పేరు నా పేరు కిందే ఉంది. వాళ్ల నాన్న మమ్మల్ని వదిలేసి పోయిన ఏడాది కూడా ఉంది. ఇప్పుడొచ్చి తీసెయ్యమంటే తీసేస్తారా ఎవరైనా?



జనవరి 15

వాడి కోపం ఎందుకో నాకు తెలుసు. క్రిస్మస్‌కి వస్తానన్నాడు. రోడ్ల నిండా మంచు, రిస్క్ తీసుకోకు, అక్కడే ఉండు నాన్నా అన్నాను. అంత మంచేమీ లేదు. ఆ రోజు నేనే కారేసుకుని పక్క ఊరెళ్లి పండగ వంటకి హామ్ తెచ్చాను.

అసలు సంగతి, వాడికి మంచం లేదు. నేను కలిసి ఉంటున్న వెండెల్ అక్టోబర్‌లో దాన్ని విప్పి తన తమ్ముడికి ఇచ్చేశాడు. ఇప్పుడా గదిలో బెంచీ, రంగు డబ్బాలు. చేపలకి ఎరగా వేసే చెక్క చేపలు చేస్తాడు వెండెల్. దారాలు కట్టి పైకప్పుకి వేలాడదీసి ఆరేస్తాడు. ఏడాదికి నాలుగు రోజులు పడుకునేవాడికి గదెందుకే అన్నాడు. ఇల్లు అతనిది. మేం పెళ్లి చేసుకోలేదు. 

కోల్బీకి అది ఇంకా తెలియదు.

జనవరి 27, మధ్యాహ్నం

స్కూల్ కిచెన్లో గిన్నెలు ముగించుకుని లైబ్రరీకి వెళ్లాను. అక్కడ ఆర్డిస్ గారు ఊరందరికీ ఊరికే రిటర్నులు వేసిపెడుతుంది. పోస్టాఫీసులో రిటైరైన మనిషి. ఏడాదిలో సగానికి పైగా అబ్బాయి నీతో ఉన్నాడా మార్లిస్ అని అడిగింది. కాలేజీలో ఉన్నాడండీ అన్నాను. అయ్యో, చదువుకి వెళ్లినవాడు ఇంట్లో ఉన్నట్టే లెక్కమ్మా అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మఫ్లర్ సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మళ్లీ ఇంటికొస్తాడుగా, అదొక్కటే చూసుకోవాలి అంది. ఎందుకు రాడండీ, వాడి గది వాడు వదిలి వెళ్లినట్టే ఉంది అన్నాను. గది సంగతి ఆవిడ అడగనే లేదు.

ఒకే పేరు రెండు రిటర్నుల్లో ఉంటే, ముందు ఎవరు పంపితే వాళ్లదే నిలుస్తుంది. వాడిది తిప్పి పంపుతారు. తిప్పి పంపితే వాడు ఫోన్ చేస్తాడు. తిట్టడానికైనా చేస్తాడు.

జనవరి 28

వాడి పేరుతో సహా నా రిటర్న్ యాక్సెప్ట్ అయింది.

ఫిబ్రవరి 9

ఫోన్ లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

వచ్చాడు.

వెండెల్ గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకి వెళ్లాడు. నేను మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ ఓవెన్లోంచి తీస్తున్నాను. తలుపు తోసుకుని వచ్చి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. నా రిటర్న్ రిజెక్ట్ చేశారమ్మా, వద్దని చెప్పాను కదా అన్నాడు. ముందు తిను, తర్వాత తిడుదువుగాని అన్నాను. కోటు పెట్టొస్తానని లోపలికి వెళ్లాడు.

ఆపలేదు. ఆపి ఏం చెప్పను?

ప్లేట్లో వడ్డించాను. వెళ్లి చూస్తే గది మధ్యలో కోటు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల చుట్టూ చెక్క చేపలు. ఒకదాన్ని పట్టుకున్నాడు. తడి రంగు, వేలికి ఎర్రగా అంటుకుంది. అమ్మా, నేను ఏ గదిలో ఉంటున్నానని చెప్పావ్ ట్యాక్స్ వాళ్లకి అని అడిగాడు.

అరిచినా బాగుండేది. నెమ్మదిగా అడిగాడు.

ఎండాకాలానికల్లా మంచం కొంటాను అన్నాను. క్రిస్మస్‌కి నాకు సోఫా చాలేది కదమ్మా అన్నాడు.

చెయ్యి కడుక్కున్నాడు. నిలబడే రెండు చెంచాలు తిన్నాడు, నన్ను బాధపెట్టకూడదని. డులూత్‌లోనే ఉద్యోగం దొరికిందనీ, ఎండాకాలం కూడా అక్కడే ఉంటాననీ చెప్పి వెళ్లిపోయాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం వెండెల్ వచ్చి, నా చేపని ఎవరు ముట్టుకున్నారు అని కేకలేశాడు. కోల్బీ వచ్చాడన్నాను. మళ్లీ రంగెయ్యాలి, ఖర్మ అన్నాడు. వాడెలా ఉన్నాడని అడగలేదు.

ఫిబ్రవరి 18

ఆర్డిస్ గారి దగ్గరికి వెళ్లి, వాడి పేరు తీసెయ్యాలండీ అన్నాను. ఎందుకమ్మా, చదువుకుంటున్న పిల్లాడేగా అంది. గది గురించి అబద్ధం చెప్పానన్నాను. గది ఎలా ఉంటే నాకెందుకు మార్లిస్, వస్తాడా రాడా అది చెప్పు చాలు అంది.

రాడు అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ సవరణ కాగితం తీసి పెన్ను నా వైపు జరిపింది.

ఫిబ్రవరి 20

వెండెల్ ఆ చేపకి మళ్లీ రంగేశాడు. కోల్బీ వేలిముద్ర పోయింది.

ఫిబ్రవరి 3, మరుసటి ఏడాది

రిటర్న్‌లో కొత్త అడ్రస్ రాయించాను, లాండ్రీ పైన అద్దె వాటా. నీతో ఇంకెవరైనా ఉంటున్నారా అని ఆర్డిస్ గారు అడిగింది. లేరన్నాను. ఇంటికొచ్చి కోల్బీ కోసం కొన్న రెండో మంచం మీద దుప్పటి మార్చాను.